వైణిక శిఖామణి చిట్టిబాబు – మనం వినని రికార్డులు

చిట్టిబాబు పేరెత్తగానే మనవాళ్లలో చాలామంది ‘కొమ్మలో కోయిల’ అంటారు. అక్కడితో ఆగిపోతారు. అరవై ఏళ్లు కూడా నిండకుండానే వెళ్లిపోయినా, బ్రతికినన్నాళ్లూ వీణ తప్ప వేరే లోకం ఎరుగని మనిషి ఆయన. అంతటి మనిషిని ఒక్క పక్షి కూతతో సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. ఆయన సొంతంగా కల్పించిన వాద్యరచనలు, వాటిని ఆయన రికార్డులకెక్కించిన తీరు, ఆ పని చేసినందుకు ఆయనకు దక్కిన మెప్పూ తప్పిన మెప్పూ – వీటిని గురించి నాలుగు మాటలు మన సంచికలో వ్రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. వింటాను, అంతే. కాబట్టి ఇది శాస్త్ర చర్చ కాదు. సాటి శ్రోతలకు ఒక శ్రోత చేసే సిఫారసు అనుకోండి.

మా ఊరు మర్పల్లి. మునుపు రంగారెడ్డి జిల్లాలో ఉండేది, 2016 నుండి వికారాబాద్ జిల్లాలో ఉంది. మా వైపు పాట అంటే నోటితో పాడేదే. ఒగ్గుకథ ఉంది, భజన ఉంది, బతుకమ్మ పాట ఉంది, ఉర్సు రోజున ఖవ్వాలీ ఉంది. అన్నింటిలోనూ మాట ముందు, వాద్యం వెనక. మాట లేకుండా ఒట్టి వాద్యం అరగంట సేపు వినడమనే అలవాటు మాకు లేదు. అది మాకు తెలిసింది రేడియోలోనే, అదీ చెడ్డరోజున. పెద్ద నాయకులు పోయినప్పుడు ఆకాశవాణి మామూలు కార్యక్రమాలు ఆపేసి వీణో వయొలినో వేసేది. 1984లో ఇందిరాగాంధీ హత్య జరిగిన తర్వాత రోజుల తరబడి అదే. అందుకని మా వాళ్లకు వీణ మోగిందంటే ఎవరు పోయిండ్రని అడగడం అలవాటైపోయింది. ఇంట్లో నేను చిట్టిబాబు రికార్డు పెడితే మా బావ కాసేపు ఓపికగా విని, పాట ఎప్పుడు షురూ అయితదని అడిగాడు. నవ్వులాటకు చెప్పడం లేదు. చిట్టిబాబు జన్మంతా జవాబు చెప్పడానికి ప్రయత్నించిన ప్రశ్న అదే.

ఆయన 1936 అక్టోబరు 13న కాకినాడలో పుట్టారు. తండ్రి చల్లపల్లి రంగారావు, తల్లి సుందరమ్మ. కాకినాడకూ మా ఊరికీ ఎక్కడి సంబంధం అంటారేమో, కాకినాడ నుండి షిర్డీ పోయే రైలు వికారాబాదు దాటాక మా మర్పల్లి మీదుగానే జహీరాబాదు, బీదరు పోతుంది. ఆ రైలు కూత విన్నప్పుడల్లా నాకు ఈయనే గుర్తుకు వస్తారు. తండ్రికి వీణంటే ప్రాణం. ఆయన వాయిస్తుండగా ఒకచోట స్వరం తప్పితే, అయిదేళ్ల పిల్లవాడు అది కాదు ఇది అని సరిదిద్దాడని చెబుతారు. గొప్పవారందరి బాల్యంలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది కదా! నమ్మేవారు నమ్మవచ్చు. పన్నెండో ఏట మొదటి కచేరీ చేశాడన్నది మాత్రం కథ కాదు. తొలి గురువులు పండ్రవాడ ఉప్పలయ్యగారు, ఈయుణ్ణి అప్పలాచార్యులుగారు. ఆ మీదట పట్టుబడి నేర్చుకున్నది ఈమని శంకరశాస్త్రిగారి దగ్గర.

ఇక్కడ కొంచెంసేపు ఆగాలి. ఈమనివారిని గురించి చెప్పకుండా చిట్టిబాబు సంగతి బోధపడదు.

శంకరశాస్త్రిగారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారూ పేరున్న వైణికులే. శాస్త్రిగారు మద్రాసు వెళ్లి జెమినీ స్టూడియోలో పనిచేశారు; ‘సంసార్’ (1951), ‘బహుత్ దిన్ హుయే’ (1954) వంటి హిందీ చిత్రాలకు సంగీతం సమకూర్చినవారిలో ఆయన పేరు కనబడుతుంది. తర్వాత ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో జాతీయ వాద్యబృందానికి రచయితగా, నిర్వాహకుడుగా ఉన్నారు. కర్ణాటక సంగీతంలో వీణకు ఉన్న పని ఏమిటి? గాయకుడు పాడే కృతినే తీగల మీద వాయించడం. సాహిత్యం తెలిసిన శ్రోత లోలోపల పాడుకుంటూ వింటాడు. తెలియని శ్రోతకు దారి దొరకదు. ఈమనివారు ఏం చేశారంటే, కృతిని ఆధారం చేసుకోకుండా నేరుగా వాద్యానికే రచనలు చేశారు. ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కడాన్ని ఊహించి ‘ఆదర్శ శిఖరారోహణం’ అన్నారు. తుమ్మెద విహారాన్ని ఊహించి ‘భ్రమర విన్యాసం’ అన్నారు. మాట లేకపోయినా, పేరే శ్రోత చేయి పట్టుకుని నడిపిస్తుంది. 1973లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1974లో పద్మశ్రీ ఆయనకు వచ్చాయి, 1987లో కన్నుమూశారు. శిష్యుడికి కోయిల ఎక్కడినుండి వచ్చిందని అడిగితే, గురువుగారి తుమ్మెద వెనకాలే వచ్చిందని నేనంటాను.

చిట్టిబాబు కుటుంబం 1948 ప్రాంతంలో మద్రాసు చేరింది. 1949లో వచ్చిన ‘లైలా మజ్ను’లో ఆయన బాలనటుడుగా కూడా కనిపించారు. నటన అంతటితో సరి. తర్వాత చాలాకాలం సినిమా వాద్యబృందాల్లో వీణ వాయించి పొట్టపోసుకున్నారు. సాలూరు రాజేశ్వరరావుగారి దగ్గరా, తమిళంలో విశ్వనాథన్–రామమూర్తి దగ్గరా పనిచేశారు. మన సంగీతజ్ఞులు ఈ స్టూడియో కాలాన్ని ఏదో కడుపుకూటి సంగతిగా దాటవేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అసలు చదువు అక్కడే జరిగిందనిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

వీణ నాదం చిన్నది. పనసచెక్క కుండ, మైనంలో నాటిన 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళానికి పక్కతీగలు మూడు. మీటు పడగానే పుట్టిన నాదం మరుక్షణం నుండే సన్నగిల్లడం మొదలవుతుంది. వయొలిన్ కమాను లాగినంతసేపు పలుకుతుంది, వేణువు ఊపిరి ఉన్నంతసేపు పలుకుతుంది. వీణకు ఆ భాగ్యం లేదు. అందుకని వైణికులు మాటిమాటికీ మీటుతారు. వెనక వరుసలో కూర్చున్నవాడికి టకటకమనే మీటు తప్ప గమకం వినిపించదు. స్టూడియోలో మైకు తీగకు జానెడు దూరంలో ఉంటుంది. అక్కడ గట్టిగా మీటవలసిన పని లేదు. ఒక్కసారి మెత్తగా మీటి, తీగను మెట్టు మీద పక్కకు లాగి, ఆ ఒక్క మీటులోనే మూడు నాలుగు స్వరాలు పలికిస్తే మైకు పట్టుకుంటుంది. నాదం పూర్తిగా చచ్చిపోయే ముందు మిగిలే ఆ సన్నని జీర కూడా వినపడుతుంది. చిట్టిబాబు బాణీ అంతా ఈ మెత్తని మీటులోనే ఉంది. కచేరీలకు కూడా ఆయన వీణకు కాంటాక్ట్ మైకు అమర్చుకుని వచ్చేవారు. అది వాద్య ధర్మానికి విరుద్ధమని గొణిగినవారు లేకపోలేదు. వినపడని ధర్మం కంటే వినపడే అధర్మం మేలు గదా!

1964లో శ్రీధర్ దర్శకత్వంలో ‘కలైకోవిల్’ అని తమిళ చిత్రం వచ్చింది. కథానాయకుడు వీణ విద్వాంసుడు. తెర మీద వేళ్లు ముత్తురామన్‌వి, వినిపించే వీణ చిట్టిబాబుది. అందులో బాలమురళీకృష్ణగారు, సుశీలగారు పాడిన ఆభోగి రాగం పాట ఇప్పటికీ వింటారు. ఆ పాట విన్నప్పుడు గొంతుల మీద ఉన్న ధ్యాస కొంచెం తగ్గించి వీణ మీద పెట్టండి. నా సిఫారసుల్లో ఇది మొదటిది. మాట అలవాటున్న చెవికి ఇది మంచి మెట్టు. పాటా ఉంది, వీణా ఉంది.

ఆ తర్వాత సినిమా పని తగ్గించుకుని ఆయన కచేరీల్లోకి పూర్తిగా దిగారు. 1967లో మైసూరు మహారాజు జయచామరాజ వొడయారు ‘వైణిక శిఖామణి’ బిరుదునిచ్చారు. 1972లో తమిళనాడు వారి ‘కలైమామణి’. దేశదేశాలూ తిరిగారు. కచేరీ వివరాలు ఇక్కడ ఏకరువు పెట్టను. పేజీలు చాలవు, పైగా అవన్నీ గాలిలో కలిసిపోయినవి. మనకు మిగిలినవి రికార్డులు.

రికార్డు అన్నది ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కొలత. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు. అందులో రాగం ఆలపించడం కుదరదు. పల్లవి, అనుపల్లవి, ఒక చరణం, ముగింపు. లాంగ్‌ప్లే వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాలు దాటింది. మన విద్వాంసులు చాలామంది ఈ ఇరవై నిమిషాల్లో కచేరీని కుదించి పెట్టారు. వర్ణం, రెండు కృతులు, వెనక వైపు ఒక పెద్ద రాగం. అది తప్పని అనను. కాని అది కచేరీకి ఫోటో లాంటిది. రికార్డు కోసమే ఆలోచించి చేసిన సంగీతం వేరు. చిట్టిబాబు రెండూ చేశారు. త్యాగరాజ కృతులు వాయించిన హెచ్.ఎం.వి. రికార్డులు ఉన్నాయి, వాటికి సంప్రదాయజ్ఞులు కూడా తలలూపుతారు. ఇక రెండో రకంలో నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ‘మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజిషియన్’ అన్నది. సంగీతజ్ఞుడి తలపోతలు అని చెప్పుకోవచ్చు. ఇందులో త్యాగరాజు లేడు, దీక్షితులు లేడు. సొంత రచనలు, వీణ నడిమధ్యన, చుట్టూ వాద్యబృందం. పక్కవాద్యం అంటే మృదంగం, ఘటం అని ఊహించుకుని వినేవారు మొదట కొంచెం తికమకపడతారు.

ఆయన రచనల పేర్లు చూడండి: ‘రాధామాధవం’, ‘శివలీలా విలాసం’, ‘వెడ్డింగ్ బెల్స్’, ‘కొమ్మలో కోయిల’. ఒకటి పురాణం, ఒకటి పెళ్లిగంటలు, ఒకటి పెరటి చెట్టు. వేదమంత్ర ఘోష లాంటి గంభీరమైన ధ్వని నుండి పాశ్చాత్య బాణీలో సాగే వరుసల దాకా ఆ ఒక్క వాద్యం మీదే పలికించారు. కోయిల సంగతే తీసుకుందాం. కోయిల కూత ఒకచోట మొదలై పైకి జారుతుంది, ఒక్కొక్క కూతకు శ్రుతి పెరుగుతుంది, చివరకు ఉన్నట్టుండి ఆగిపోతుంది. హార్మోనియం మీద అది పలకదు, ఎందుకంటే రెండు మెట్ల నడుమ జారుడు ఉండదు. వీణ మీద తీగ లాగితే ఆ జారుడు వస్తుంది. అంటే కోయిలను పలికించడం ఏదో గారడీ కాదు. కల్యాణిలోనో తోడిలోనో వాడే గమకమే అది, పని మార్చుకుంది. పల్లెటూరివాడికి గమకమంటే ఏమిటో చెప్పాలంటే ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు. మా బావకు తోడి రాగం తెలియదు గాని కోయిల తెలుసు. ఆ ముక్క వేసినప్పుడు పాట ఎప్పుడని అడగలేదు.

అయితే ఈ పనికి ఆయన మూల్యం చెల్లించారు. సభల పెద్దలు కొందరు ఇది లలిత సంగీతమని, సినిమావాడి వీణ అని పక్కన పెట్టారు. పక్షి కూతలు చేయడానికా ఇంత సాధన అని విసుక్కున్నారు. ఆ విసుగులో బొత్తిగా న్యాయం లేదని అనను. ‘వెడ్డింగ్ బెల్స్’ నాకే అంతగా రుచించదు. గంటలు మోగినంతసేపు బాగుంటుంది, మోగడం అయ్యాక చేతిలో ఏమీ మిగలదు. వాద్యబృందం ఎక్కువైనచోట వీణ మునిగిపోతుంది కూడా. ఆయన సమకాలికుడు ఎస్. బాలచందర్‌గారిని చూడండి. ఆయనా సినిమా నుండి వచ్చినవారే, 1954లో పాట ఒక్కటి కూడా లేకుండా ‘అంద నాళ్’ తీసిన దర్శకుడు. వీణ మీద మాత్రం రాగంలోనే లోతుకు దిగి, 72 మేళకర్త రాగాలనూ రికార్డులకెక్కించారు. ఒకాయన బావి తవ్వారు, ఇంకొకాయన కాలువ తవ్వారు. బావి నీళ్లు చల్లగా ఉంటాయి, నిజమే. కాని మర్పల్లి దాకా వచ్చింది కాలువే.

ఇంకొక సంగతి. చిట్టిబాబు కొత్తదనం చేసిన కాలంలో అలాంటి ప్రయత్నాలు లోకమంతటా జరుగుతున్నాయి. 1967లో రవిశంకర్, యెహూదీ మెనూహిన్ కలిసి చేసిన రికార్డు ఖండాలు దాటిపోయింది. తర్వాత 1986లో ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ తెచ్చి త్యాగరాజునూ బాఖ్‌నూ ఒక గూటికి చేర్చాడు, వి.ఎస్. నరసింహన్ వయొలిన్ దానికి ప్రాణం. ఆ రికార్డును మన కుర్రవాళ్లు ఇవాళ్టికీ నెత్తిన పెట్టుకుంటారు, పెట్టుకోవలసిందే. దానికంటే ముందే ఒక కాకినాడ మనిషి వీణను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ వాద్యబృందాన్ని సమకూర్చి, మాట లేని రచనలు చేశాడని వాళ్లలో ఎందరికి తెలుసు? అందుకే ఈ గోల.

ఇక నా సిఫారసుల్లో అందరూ మరచిపోయినది. రాజాజీ వ్రాసిన కథ ఆధారంగా సింగీతం శ్రీనివాసరావుగారు 1974లో ‘దిక్కట్ర పార్వతి’ అనే తమిళ చిత్రం తీశారు. శ్రీకాంత్, లక్ష్మి నటించారు. తాగుడు వల్ల చితికిపోయిన ఒక పేద సంసారం కథ. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. దానికి సంగీతం చిట్టిబాబు. రాజులు బిరుదిచ్చిన వైణికుడు గుడిసెలో కథకు ఏం వాయిస్తాడనే సందేహం ఎవరికైనా వస్తుంది. కోయిలలు, గంటలు అంటూ ఆయనను తీసిపారేసేవారు ఈ చిత్రం ఒకసారి చూడాలి. కల్లు దుకాణం కాపురాల్ని ఏం చేస్తుందో తెలిసిన మన పల్లెల పిల్లలకు ఈ కథ బొమ్మలతో పాటే అర్థమవుతుంది, తమిళం రాకపోయినా ఫరవాలేదు.

1990లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. గురువుగారికి వచ్చిన 17 ఏళ్లకు శిష్యుడికి. 1996 ఫిబ్రవరి 9న చిట్టిబాబు మద్రాసులో కన్నుమూశారు. నిండా అరవై రాలేదు. ఆ ఏడాదే మద్రాసు పేరు చెన్నై అయింది. అప్పటికి లాంగ్‌ప్లేలు మూలపడి క్యాసెట్లు వచ్చాయి, క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్నాయి. ప్రతి మార్పులోనూ ఎంతో కొంత జారిపోయింది. కొత్త పెట్టెలోకి ఎక్కించేవాళ్లు అమ్ముడుపోయేవి ఎక్కించారు, అంటే మళ్లీ కోయిలే.

ఇప్పుడు ఫోనులో పేరు కొడితే చాలా ముక్కలు దొరుకుతాయి, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. దొరకనిది అట్ట. పాత రికార్డు అట్ట మీద ఏ రాగమో, ఏ తాళమో, మృదంగం ఎవరో అచ్చయి ఉండేది. ఫోనులో వచ్చే ముక్కకు ఒకే ఒక పేరు, అదీ తప్పుల తడకగా. ముందు వైపు చివరి ముక్కకూ వెనక వైపు మొదటి ముక్కకూ ఉన్న పొందిక కూడా పోయింది. మన కళాశాల గ్రంథాలయంలో సంగీతం పుస్తకాలకు ఒక అర ఉంది. దాని పక్కనే ఒక చిన్న అర ఈ పాత డిస్కులకు కేటాయిస్తే, విద్యార్థి సంఘం వారు ఒక ప్లేయరు సంపాదించి పెడితే, నెలకొక సాయంత్రం నలుగురు కూర్చుని వినవచ్చు. హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల మధ్య వెతికితే అప్పుడప్పుడూ ఇలాంటి డిస్కులు కంటబడతాయి. గీతలు లేకుండా చూసి కొనండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనిపిస్తాయి.

వినే వరుస ఇది. ముందు ‘కలైకోవిల్’ పాట. తర్వాత ‘కొమ్మలో కోయిల’, తెలిసినదే అయినా ఎడమచేతి పనిని ఊహించుకుంటూ. ఆ పైన ఏదైనా ఒక త్యాగరాజ కృతి, మీకు సాహిత్యం తెలిసినది. అప్పుడు ‘రాధామాధవం’, ‘శివలీలా విలాసం’. ఇవి అలవాటయ్యాక ‘మ్యూజింగ్స్’ ఆసాంతం, మధ్యలో లేవకుండా, దీపం తగ్గించుకుని. చివర గురువుగారి ‘ఆదర్శ శిఖరారోహణం’ దొరికితే అదృష్టవంతులు. ‘మ్యూజింగ్స్’ నా దగ్గర ఉంది, కొంచెం చిటపటలాడుతుంది. సెలవుల్లో మర్పల్లి వైపు వచ్చేవారు స్టేషనులో దిగి అడిగితే ఇల్లు చూపిస్తారు. డిస్కు ఎరువివ్వను గాని, కూర్చోబెట్టి వినిపిస్తాను.